బల్ల చివరి నోరీన్‌కు ఓట్లెన్ని?

నోరీన్ ట్రెజైస్‌కు భయం వేస్తే నవ్వొస్తుంది. పుట్టుకతో వచ్చిన జబ్బు, ఎవరేం చేస్తారు! చిన్నప్పుడు పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చోబెడితే నవ్వింది. డ్రైవింగ్ పరీక్షలో నవ్వి, పక్కనున్న పరీక్షాధికారికి కూడా ఆ నవ్వు అంటించి, ఇద్దరూ కలిసి పోస్టాఫీసు కంచెలోకి కారు దూర్చారు. పెళ్లినాడు పాస్టరుగారు "ఈ కొలిన్‌ను భర్తగా స్వీకరిస్తావా" అని అడగగానే పొట్ట పట్టుకుని కూలబడింది. చర్చి నిండా జనం బిత్తరపోయి చూస్తుంటే పెళ్లికొడుకు మాత్రం నిలబడ్డచోటు నుంచి కదలకుండా, "అంటే అవునని" అన్నాడు. కొల్ ట్రెజైస్ జీవితంలో ఇచ్చిన పెద్ద ఉపన్యాసాల్లో అదొకటి.

కొల్ నిలబడటంలో గట్టివాడు. మా ఊరు పోర్ట్ హెరిక్ ఫుట్‌బాల్ జట్టులో పడుచుతనమంతా గోలు ముందు కాపలా కాశాడు. బంతి మైదానం మధ్యలో ఉన్నంతసేపూ చేతులు కట్టుకుని చూసేవాడు. తన మీదికి వస్తే ఒడిసిపట్టి, అవతలికి తన్ని, మళ్లీ చేతులు కట్టుకునేవాడు. ఇప్పుడు ఆ మోకాళ్లు రెండూ పోయాయి. గోధుమ గోదాములో పని మానుకున్నాడు. ఆటుపోటు చూసుకుని మోకాళ్లకు పట్టీలు కట్టుకుని పీతలు పడతాడు, లేకపోతే వరండాలో కూర్చుంటాడు. ఇల్లు నడిచేది నోరీన్ జీతం మీదే.

ఆ జీతం పేస్టీల ఫ్యాక్టరీది. పేస్టీ అంటే కజ్జికాయకు వరసకు పెద్దన్న. లోపల కొబ్బరికి బదులు మాంసం, బంగాళాదుంప, ఉల్లిపాయ. అంచు మాత్రం అలాగే వేళ్లతో మడత మీద మడత వేసి అల్లాలి. అల్లిక సరిగ్గా పడకపోతే పొయ్యిలో పేస్టీ నోరు తెరుస్తుంది, పులుసంతా బయటికి. పొడుగాటి స్టీలు బల్ల చుట్టూ పదకొండుమంది నిలబడి ఈ అల్లికపని చేసేవారు. బల్లకు ఒక కొసన సూపర్‌వైజర్ కెల్విన్ నాంకివెల్ డెస్కు. రెండో కొసన శీతలగది తలుపు. అది తెరిచినప్పుడల్లా చలి వచ్చి మెడ మీద చెయ్యి వేస్తుంది కనుక అటువైపు నిలబడటానికి ఎవరూ ఇష్టపడరు. నోరీన్ నిలబడేది. ఆమె పక్కన హాన్, ట్వెట్ అనే వియత్నాం అక్కచెల్లెళ్లు, ఎదురుగా చెవులు సరిగా వినపడని గ్రెగ్. ఈ నలుగురూ స్వెట్టరు మీద స్వెట్టరు తగిలించుకుని, రోజంతా హాయిగా పోట్లాడుకుంటూ, ఆ పోట్లాట మధ్యలోనే ట్రేలకు ట్రేలు నింపేసేవారు. ఇవతలి కొసవాళ్లకు వాళ్ల పేస్టీలు కనిపించేవి కాని మనుషులు కనిపించేవారు కాదు.

ఒక చలికాలం సోమవారం టీ వేళ అడిలైడ్ నుంచి ఇమోజెన్ అనే హెచ్‌ఆర్ అమ్మాయి వచ్చింది. మంచి పిల్లే. మంచి బూట్లు వేసుకుంది, అంతే తప్పు. టీ నీళ్లు కాగే డ్రమ్ము పక్కన నిలబడి, గొంతు సవరించుకుంది.

"అంచులు అల్లే యంత్రం వస్తోందండీ. అది వచ్చాక ఈ బల్ల దగ్గర నలుగురి ఉద్యోగాలు ఉండవు. ఎవరివి అన్నది ఇంకా తేలలేదు. ఎంపిక మాత్రం పూర్తి న్యాయంగా జరుగుతుంది."

నోరీన్ గుండెల్లో రాయి పడింది. పడగానే నోట్లోని టీ గ్రెగ్ మీద పడింది. ఆపుకుందామని చెయ్యి అడ్డం పెట్టుకుంటే నవ్వు ముక్కులోంచి వచ్చింది. ఆమెను చూసి ట్వెట్, ట్వెట్‌ను చూసి గ్రెగ్, ఎందుకో తెలియకుండానే సగం గది నవ్వడం మొదలెట్టింది.

"ఏమనుకోకు తల్లీ, నాకేం సంతోషంగా లేదు" అంది నోరీన్ కళ్లు తుడుచుకుంటూ. "నువ్వు చెప్పు, చెప్పు. నన్ను చూడకుండా చెప్పు."

పొయ్యి దగ్గర పనిచేసే టాసో లేచాడు. యూనియన్ మనిషి. తాతల కాలంలో గ్రీసు నుంచి వచ్చిన కుటుంబం, గొంతు మాత్రం ఇంకా అక్కడివరకూ వినిపిస్తుంది.

"అమ్మాయ్, మాతో మాట్లాడకుండా ఏదీ తేల్చటానికి వీల్లేదు. చట్టం అలా ఉంది. తేల్చేసుకొచ్చి మాట్లాడినట్టు నటించటం కూడా కుదరదు."

"అందుకేనండీ వచ్చాను. పదిరోజుల్లో మళ్లీ వస్తాను. అప్పుడు మార్కులు మీ ముందు పెడతాను, మీరు చెప్పేది వింటాను, ఆ తర్వాతే ఏదైనా."

"మార్కులు ఎవరేస్తారు?"

"మిమ్మల్ని రోజూ చూసే మనిషి. కెల్విన్ గారు."

అందరూ ఒక్కసారి కెల్విన్ వైపు తిరిగారు. నోటినిండా కేకుతో ఉన్న కెల్విన్ కూర్చున్నచోటే నిటారుగా అయ్యాడు.

కెల్విన్ నాంకివెల్ చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనరు. నోరీన్, అతనూ ఒకే బళ్లో ఒకే బెంచీ. అతనికి ఉద్యోగం ఒక పక్క, అంపైరు పని రెండు పక్కలు. ఈ ద్వీపకల్పంలో అతను ఈల ఊదని మైదానం లేదు. మా దగ్గర ఆట అయిపోగానే అంపైర్లు ఒక మూల చేరి, ఆ రోజు అందరికన్నా బాగా, అందరికన్నా న్యాయంగా ఆడినవాడికి మూడు ఓట్లు, తర్వాతివాడికి రెండు, ఆ తర్వాతివాడికి ఒకటి వేసి కవరు అంటిస్తారు. మిగతావాళ్లందరికీ సున్నా. ఆటల కాలం ముగిశాక ఒక రాత్రి విందు పెట్టి, కవర్లు విప్పి, ఒక్కో ఆట ఓట్లు పైకి చదివి, ఎక్కువ వచ్చినవాడి మెడలో పతకం వేస్తారు. ఆ కవర్ల విషయంలో కెల్విన్ ఎంత నిఖార్సయినవాడంటే, బావమరిది చెలరేగి ఆడిన రోజున చుట్టరికం అంటుతుందేమోనని ఒక్క ఓటూ వెయ్యలేదు. ఆ ఇంటి గడప తొక్కక ఎన్నాళ్లో.

ఇమోజెన్ అతనికి ఒక కాగితం ఇచ్చింది. పనితనం, జాగ్రత్త, ఇంకో పని అందుకోగల నేర్పు, తోటివాళ్లతో మెలగడం. పదకొండుమందిలో ప్రతి ఒక్కరికీ, ప్రతిదానికీ, మూడుకు ఎన్ని అని. కారు దాకా నడుస్తూ వివరించింది.

"మూడు, రెండు, ఒకటి. అర్థమైందా కెల్విన్ గారూ?"

"మూడు, రెండు, ఒకటి!" కెల్విన్ ఛాతీ పొంగింది. "నాకు చెబుతావా అమ్మాయ్? జన్మంతా చేసింది అదేగా!"

కొంప అక్కడే మునిగింది.

మర్నాటి నుంచి కెల్విన్ మనిషే మారిపోయాడు. కాగితంలోని గళ్లు అతనికి తల తిప్పాయి. పక్కన పడేశాడు. షిఫ్టు అయిపోగానే డెస్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని ముగ్గురి పేర్లు రాసేవాడు, కవరు అంటించేవాడు, ఖాళీ బిస్కట్ల డబ్బాలో వేసి మూతకు టేపు చుట్టేవాడు. డబ్బాను చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లి మళ్లీ పొద్దున తెచ్చేవాడు. భార్య లిన్నెట్ "ఏముందండీ అందులో" అంటే, "నువ్వు అడగకూడదు, నేను చెప్పకూడదు" అన్నాడట.

కెల్విన్ ఓట్లు వేస్తున్నాడని ఫ్యాక్టరీలో తెలియనివాళ్లు లేరు. ఇక చూడండి సంబరం! అల్లికబల్ల కాస్తా నాటకాల స్టేజీ అయింది. షేన్ అని ఒకడు, సగం రోజు కబుర్లు, సగం రోజు సిగరెట్టు, వాడు రెండు చేతుల మీద రెండు ట్రేలు నిలబెట్టుకుని కెల్విన్ డెస్కు చుట్టూ గిరగిర తిరగడం మొదలెట్టాడు. లోర్నా పెద్దావిడ, కెల్విన్ తలెత్తినప్పుడల్లా "జాగ్రత్త, నేల తడిగా ఉంది!" అని అరిచేది. నేల ఎడారిలా ఉండేది. పైపర్ అనే పడుచుపిల్ల పాట పాడుతూ అల్లేది. ఒకరినొకరు తోసుకుంటూ అందరూ డెస్కు కొసకు చేరారు. ఆ బరువుకు బల్ల అటువైపు ఒరుగుతుందేమో అన్నట్టుండేది. శీతలగది కొసన మాత్రం ఆ నలుగురే మిగిలారు. పక్కవాళ్లు డాన్సులు చేస్తుంటే పేస్టీలెవరు అల్లుతారు? వీళ్లే అల్లారు.

అలా ఉండగా ఒక సాయంత్రం కొల్ వంటింట్లో పీతలు శుభ్రం చేస్తున్నాడు.

"కెల్విన్ ఓట్లు వేస్తున్నాడు కొల్. మూడు, రెండు, ఒకటి."

కొల్ చేతిలో పీత ఆగింది. "నువ్వెక్కడ నిలబడతావు?"

"తెలియనట్టు అడుగుతావేం, శీతలగది దగ్గర."

"అయితే రావు."

"ఎందుకు రావు? నా అల్లిక చూడాలి ఎవడైనా!"

"కెల్విన్ బంతి వెంట పరిగెడతాడు" అన్నాడు కొల్. మళ్లీ పీత పనిలో పడ్డాడు.

నోరీన్‌కు పాత రాత్రులు గుర్తొచ్చాయి. ఓట్ల విందుకు ఇద్దరూ ఎన్నిసార్లు వెళ్లలేదు! ప్రతి ఏడూ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి తొడిగేది. కొల్ అందరికన్నా వెనకున్న బల్ల దగ్గర కూర్చుని, ఒక్కో ఆట పేర్లు చదువుతుంటే గ్లాసు వైపు చూస్తూ వినేవాడు. ఒక్క ఏడూ, ఒక్క ఆటకూ, ఒక్క ఓటూ అతని పేరు మీద చదవలేదు. గెలిచినవాడితో చెయ్యి కలిపి, "మంచి విందు" అని కారెక్కేవాడు. ఆమె దారి పొడుగునా ఏదో ఒకటి వాగుతూ వచ్చేది, ఆ నిశ్శబ్దం తన మీద పడకుండా. ఇప్పుడు ఆ సున్నా తన ఉద్యోగం మీద కూర్చోబోతోంది. ఉద్యోగం పోతే ఈ వయసులో, ఈ ఊళ్లో, ఇంకో తలుపు లేదు. ఆమె సింకు పట్టుకుని కిసుక్కుమంది, తర్వాత పగలబడి నవ్వింది. కొల్ చెయ్యి తుడుచుకుని వచ్చి ఆమె వీపు మీద నిమురుతూ నిలబడ్డాడు. ఆ నవ్వు ఏ రకందో అతనికి తెలుసు.

పొద్దున్నే నోరీన్ తెగించింది. పెదాలకు ఎర్రరంగు పూసుకుని, స్వెట్టర్లు విప్పేసి, ఛాతీ విరుచుకుని కెల్విన్ డెస్కు పక్కకే వెళ్లి నిలబడింది.

"ఏంటక్కా, దారి తప్పావా?" అన్నాడు షేన్.

"నోరు మూసుకుని జరగరా. నీ డాన్సు నేను చూశాను, ఇక నాది చూడు."

వేళ్లు ఆడించింది. గాల్లోకి ఎగరేసి అల్లింది, చూడకుండా అల్లింది, ఒంటిచేత్తో అల్లింది. కెల్విన్ తలెత్తాడు. కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి జేబులోని పెన్సిలు మీదికి వెళ్లింది. అంతే, నోరీన్‌కు భయం వేసింది. భయం వేయగానే ఏం జరగాలో అది జరిగింది. నవ్వుకు వంగిపోతూ ఆసరా కోసం ట్రేల బండి పట్టుకుంది. బండికి చక్రాలుంటాయి. అది ఆమెతో సహా బయల్దేరి, షేన్‌ను ఎక్కించుకుని, లోర్నాను తప్పించి, నేరుగా వెళ్లి గోడకు గుద్దుకుంది. ఈసారి నేల నిజంగానే తడిసింది. ఉల్లిపాయ పులుసుతో.

"నేల తడిగా ఉంది!" అని అరిచింది లోర్నా, పరమానందంగా.

నోరీన్ లేచి, నెత్తి మీది బంగాళాదుంప ముక్క తీసుకుని, మాట్లాడకుండా స్వెట్టర్లు తొడుక్కుని తన కొసకు తను వెళ్లిపోయింది. ఆ రోజు ఓట్లు ఎవరికి పడ్డాయో అడగాల్సిన పని లేదు. పడుతూ కూడా ట్రే వదలనందుకు మూడూ షేన్‌కే.

చెప్పిన రోజుకు ఇమోజెన్ వచ్చింది. ఈసారి ఉన్ని సాక్సులు, మందపాటి బూట్లు. కాగితం తీసుకుని, చదివి, మాట్లాడి వెళదామని వచ్చిన పిల్ల భోజనాల గదిలో అడుగుపెట్టి ఆగిపోయింది. కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. మధ్యలో బల్ల మీద గుడ్డ, గుడ్డ మీద బిస్కట్ల డబ్బా. వెనక కెల్విన్, అంపైర్ల సంఘం కోటు తొడుక్కుని, మెడకు టై బిగించి.

"కెల్విన్ గారూ, ఆ కాగితం ఇటు..."

"కూర్చో అమ్మాయ్. మొదలెడుతున్నాం." కెల్విన్ టేపు కోశాడు. "మంగళవారం. ఒక ఓటు, పైపర్. రెండు ఓట్లు, లోర్నా. మూడు ఓట్లు... షేన్!"

ఇవతలివాళ్లు చప్పట్లు. ఇమోజెన్ చెయ్యి ఎత్తింది. ఎవరు చూస్తారు? ఓట్ల లెక్కింపు మధ్యలో ఆపడం మా ఊళ్లో పెళ్లి మధ్యలో ఆపడంతో సమానం. బుధవారం, గురువారం, కవరు తర్వాత కవరు. ఎవరు ముందున్నారో, ఎవరు వెనక్కి పోయారో, ఈలలు, కేకలు. షేన్ కుర్చీ మీదెక్కి జనానికి దండం పెడుతున్నాడు. చివరి కవరు అయ్యేసరికి డెస్కు కొసనున్న ఏడుగురికి తలా ఇన్ని ఓట్లు, శీతలగది కొసనున్న నలుగురికీ గుండుసున్నా. హాన్ చేతిని ట్వెట్ పట్టుకుంది. గ్రెగ్ అందరి ముఖాలూ చూసి సంగతి గ్రహించి, టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"అయితే నలుగురూ తేలిపోయారు" అన్నాడు కెల్విన్ నెమ్మదిగా. అప్పుడు గాని తను ఏం చదివాడో అతనికి వినిపించినట్టు లేదు.

అందరూ నోరీన్ నవ్వు కోసం చూశారు. కొందరు ముందుగానే చెవులు మూసుకున్నారు. ఆమె లేచి నిలబడింది. నవ్వలేదు.

"ఒరేయ్ కెల్విన్. నా మొగుడు నీ ముందు గోలు దగ్గర ఎన్నేళ్లు నిలబడ్డాడ్రా? పళ్లు రాలాయి, మోకాళ్లు పోయాయి. ఆయన్ని దాటి గోలు కొట్టాలంటే ఈ ద్వీపకల్పంలో ప్రతివాడూ హడలిచచ్చేవాడు. ఒక్క ఓటు వేశావా? ఒక్కటి? ప్రతి ఏడూ చొక్కా ఇస్త్రీ చేశాను నేను!"

"నోరీన్..." కెల్విన్ టై వదులు చేసుకున్నాడు. "అంపైరు బంతి వెంట పరిగెత్తాలి. బంతి చుట్టూ ఉన్నవాళ్లే కనిపిస్తారు. కనిపించినవాళ్లకే వేశాను, ఒట్టు. ఎవరిమీదా కక్ష లేదు."

"కక్ష లేదు, నాకు తెలుసు! కక్ష ఉంటే కనీసం ఒకసారి మావైపు చూసేవాడివి. ఈ పదిరోజులూ ట్రేలు నింపిందెవరనుకున్నావు? షేన్ డాన్సులోంచి రాలాయనుకున్నావా పేస్టీలు?"

గది చల్లబడిపోయింది. శీతలగది తలుపెవరో తీసినట్టు. టాసో లేచాడు.

"అమ్మాయ్, ఒక్క మాట. ఆ నలుగురిలో ఇద్దరు వియత్నాం వాళ్లు, ఒకాయనకు చెవుడు. నలుగురూ ఒకే మూల నిలబడేవాళ్లు. దీన్ని ఉద్యోగాల తగాదాలు తీర్చే ఫెయిర్ వర్క్ కమిషన్ ముందు పెట్టి, 'ఇది న్యాయమైన ఎంపికండీ, బిస్కట్ల డబ్బాలోంచి తీశాం' అని నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ఇమోజెన్ ముఖం పిండిలా పాలిపోయింది. పాపం, దాని ఉద్యోగం కూడా అక్కడే ఊగిసలాడుతోంది. అయినా గుండెగల పిల్ల. లేచి, డబ్బాకు మూత పెట్టింది.

"ఇది చెల్లదు. తప్పు కెల్విన్ గారిది కాదు, నాది. కారు దాకా నడుస్తూ చెప్పే సంగతి కాదిది. మొదట్నుంచీ మొదలెడదాం. ముందు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగనే లేదు." ఊపిరి పీల్చుకుంది. "మీలో ఎవరికైనా, తమంతట తాము, సెటిల్మెంటు తీసుకుని వెళ్లాలని ఉందా?"

కుర్చీ మీద నిలబడ్డ షేన్ చెయ్యి రివ్వున లేచింది.

"నువ్వా!" అన్నారు పదిమంది.

"మా అన్న రొయ్యల పడవ మీదికి రమ్మని పిలుస్తున్నాడు. యంత్రం మాట విన్న రోజునుంచీ పోదామనే ఉన్నాను."

"మరి ఆ గిరగిర తిరగడం ఏంట్రా?" నోరీన్ అరిచింది. "నా ప్రాణం తీసిన ఆ డాన్సులెందుకు?"

షేన్ నిజంగానే తెల్లబోయాడు. "ఓట్లు వేస్తున్నారన్నాక గెలవాలి కదక్కా!"

లోర్నా కూడా చెయ్యెత్తింది. చక్రాల ఇల్లులాంటి కారవాన్ కొని మొగుడితో ఉత్తరాదికి ఎండలోకి పోవాలని ఆవిడ కోరిక. అడిగితే పోటీలో వెనక పడతానని ఊరుకుందట. పైపర్‌కు నర్సు చదువులో సీటు వచ్చి ఉంది, ఎవరికీ చెప్పలేదు. పదిరోజుల పాటు ఉండిపోవడానికి పిచ్చిపట్టినట్టు ఎగిరినవాళ్లందరూ వెళ్లిపోవాలనుకున్నవాళ్లే! ఎక్కడినుంచో ఒక నవ్వు మొదలైంది. ఈసారి మొదలెట్టింది గ్రెగ్.

"ముగ్గురయ్యారు" అంది ఇమోజెన్, నోరు మరీ తెరిస్తే నవ్వొస్తుందన్న భయంతో.

"నాలుగోవాణ్ణి నేను" అన్నాడు కెల్విన్. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "లిన్నెట్ ఏనాటినుంచో మానెయ్యమంటోంది."

"మీది అల్లిక ఉద్యోగం కాదుగా. మీరు వెళ్లినా మీ కుర్చీ ఉంటుంది" అంది ఇమోజెన్.

"ఉంటే మరీ మంచిది" అన్నాడు టాసో. "ఈ బల్లలోంచి ఒకరు ఆ కుర్చీలోకి. నలుగురి లెక్క సరి. ఎవరన్నది ఈసారి గళ్లు నింపి తేల్చండి, డబ్బా వద్దు."

అలాగే తేల్చారు. ఇమోజెన్ ఊళ్లోనే గది తీసుకుని, టాసో చూస్తుండగా, బల్ల చుట్టూ తిరిగి ఒక్కొక్కరి దగ్గరా నిలబడి మార్కులు వేసింది. శీతలగది కొసన నిలబడ్డ రోజు ముక్కు ఎర్రబడి, నోరీన్ స్వెట్టరొకటి అడిగి తీసుకుంది. ఎవరి మార్కులు వాళ్లకు చూపించింది, ఒప్పుకోనివాళ్ల మాట విన్నది. కుర్చీ హాన్‌కు వచ్చింది. నోరీన్‌కు ఎందుకు రాలేదంటే, జాగ్రత్త అన్న గడిలో ట్రేల బండి సంగతి పడింది. అది న్యాయమే అని నోరీన్ కూడా ఒప్పుకుంది. ఆమె ఉద్యోగం ఆమెకుంది, అది చాలు. హాన్ కుర్చీ ఎక్కిన రోజే డెస్కును తోయించి శీతలగది తలుపు పక్కన వేయించింది. ఇవతలి కొసవాళ్లు గొణిగారు. గొణగనీ.

కెల్విన్ వెళ్లిపోయే శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గదిలో చిన్న విందు. కొల్ ఒక బకెట్ నిండా ఉడికించిన పీతలు తెచ్చాడు, తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కేకు కోయడం అయ్యాక కెల్విన్ జేబులోంచి ఒక కవరు తీశాడు. గదంతా మూలిగింది.

"ఆగండి. ఇది ఈ ఫ్యాక్టరీది కాదు." కవరు విప్పాడు. "చాలా ఏళ్ల కిందటి ఆట. గ్రాండ్ ఫైనల్‌కు ముందు వారం, మోకాలిలోతు బురద. నేనే అంపైరును. ఆ ఆట ఓట్లు ఇవ్వాళ సరిదిద్దుతున్నాను. ఒక ఓటు లేదు, రెండు ఓట్లు లేవు. మూడు ఓట్లు, పోర్ట్ హెరిక్, గోలు కాపలా, కొలిన్ ట్రెజైస్."

కప్పు ఎగిరిపోయేలా చప్పట్లు. కొల్ మెల్లగా, ఆ పాడు మోకాళ్ల మీద, గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. కవరు తీసుకున్నాడు. కెల్విన్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "మంచి విందు" అన్నాడు. కెల్విన్ బావురుమన్నాడు. నోరీన్ కూడా ఏడ్చింది, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ.

ఇంటికి నోరీనే కారు నడిపింది. జెట్టీ దాటి, గోదాములు దాటి, చాలా దూరం వచ్చాక కొల్ నోరు విప్పాడు.

"ఆ ఆట నేను ఆడలేదు."

"ఏంటి?"

"బురద ఆట. వేలు విరిగి ఇంట్లో పడుకున్నాను. నా చోట రెగ్ ఆడాడు."

నోరీన్ కారును రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. ఆపకపోతే మళ్లీ పోస్టాఫీసు కంచె గతే. స్టీరింగు మీద తల వాల్చి నవ్వింది. హారన్ మోగింది. మోగనిచ్చి నవ్వింది. భయమన్నది లేకుండా నవ్వడం ఎలా ఉంటుందో ఆమెకు ఇన్నేళ్లకు తెలిసింది.

"అక్కడే చెప్పొచ్చుగా!" అంది ఊపిరి అందాక. "వెళ్లి చెబుదామా? వెనక్కి తిప్పనా?"

కొల్ కవరును చొక్కా జేబులో పెట్టుకుని, పైన బొత్తాం పెట్టాడు.

"ఇంటికి పోనీ" అన్నాడు. "ఇస్త్రీ చేసిన చొక్కా ఈసారికి పనికొచ్చింది."